అందరికీ కప్పులు

బళ్లలో వార్షికోత్సవాలు వచ్చాయంటే మన ఉపాధ్యాయ మిత్రుల మధ్య ఒక తగవు మొదలవుతుంది. పోటీలో పాల్గొన్న పిల్లలందరికీ ఏదో ఒక బహుమతి ఇవ్వాలా, గెలిచినవారికే ఇవ్వాలా? అందరికీ ఇవ్వాలనేవారు, లేకపోతే పసిమనసులు నొచ్చుకుంటాయంటారు. కూడదనేవారు, లోకమంతా పోటీయే గనుక ఓటమి రుచి ఇప్పటినుంచే తెలియాలంటారు. ఈ రెండు పక్షాల్లో దేనిలోనూ నేను పూర్తిగా చేరలేకపోతున్నాను.

ముందు రెండవ పక్షం సంగతి చూద్దాము. పాల్గొన్నందుకు పతకం ఇస్తే మనిషి చెడిపోతాడన్న వాదం చరిత్ర ముందు నిలవదు. 1896లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఆధునిక ఒలింపిక్స్ నుంచీ క్రీడాకారులందరికీ పాల్గొన్నందుకు ఒక పతకం ఇస్తూనే ఉన్నారు. అందువల్ల ఎవరూ పరుగు తగ్గించలేదు. పైగా "లోకమంతా పోటీయే" అనే మాటలో ఒక మోసం ఉన్నది. బూట్లతో, శిక్షకుడితో వచ్చిన పిల్లవాణ్ణీ, కాలికి చెప్పులైనా లేకుండా వచ్చిన పిల్లవాణ్ణీ ఒకే గీత మీద నిలబెట్టి, ఈల ఊది, వచ్చిన ఫలితానికి ప్రతిభ అని పేరు పెడుతున్నాము. ఆ గీత దగ్గరకు రాకముందే సగం పందెం అయిపోయింది.

అయితే అందరికీ కప్పులు పంచితే ఈ అన్యాయం తీరుతుందా? తీరదు, కనబడకుండా పోతుంది, అంతే.

మా పెద్దకొడప్‌గల్ ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గర. బడిలో తెలుగు చదివి, ఇంట్లో మరాఠీయో, కన్నడమో, లంబాడీయో మాట్లాడే పిల్లలు ఇక్కడ ఎందరో ఉన్నారు. కొన్నేళ్ల కింద ఈ వైపు ఒక బడిలో పద్యపఠన పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. తండా నుంచి వచ్చిన ఏడవ తరగతి పిల్ల ఒకతె పద్యం ఎత్తుకొని, మూడవ పాదంలో ఆగిపోయింది. చివర అందరికీ ఇచ్చినట్టే ఆ అమ్మాయికీ బంగారు రంగు అంచున్న కాగితం ఒకటి ఇచ్చి చప్పట్లు కొట్టారు. నేను వెళ్లబోతుంటే ఆ పిల్ల వెంట వచ్చి, "సార్, నేనెక్కడ తప్పిన?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు. వరండా మెట్ల మీద కూర్చొని, ఒత్తులు ఎలా పలకాలో, పాదం ఎక్కడ విరవాలో చెప్పటానికి పది నిమిషాలు పట్టింది. కాగితాల అచ్చుకు డబ్బు కేటాయించిన కార్యక్రమంలో ఆ పది నిమిషాలు ఎవరూ కేటాయించలేదు.

1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన ఒకటి ఇక్కడ పనికివస్తుంది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు, బొమ్మలు వేయటమంటే ఇష్టమున్నవారు. కొందరికి, బొమ్మ వేస్తే యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పి, వేసినవారందరికీ ఇచ్చారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత చూస్తే, ముందే మాట తీసుకున్న పిల్లలు తక్కినవారిలో సుమారు సగం సేపే బొమ్మలు వేశారు. చెప్పకుండా బహుమతి అందుకున్నవారి ఇష్టం తగ్గలేదు. అంటే చెరుపు బహుమతిలో లేదు, బేరంలో ఉన్నది. ఫీజుకు రసీదు ఇచ్చినట్టు తల్లిదండ్రుల చేతికి కప్పు అందించే బళ్లు చేస్తున్నది ఈ బేరమే.

మా వైపు జాతర కుస్తీల్లో ఇంతకంటే మేలైన పద్ధతి ఉన్నది. అవి చిన్నపిల్లల కొబ్బరికాయ కుస్తీతో మొదలై, పెద్దవాళ్ల వెండి కడియం కుస్తీతో ముగుస్తాయి. కడియం ఒక్కడికే, అందులో పేచీ లేదు. కొబ్బరికాయ మాత్రం, నా చిన్నతనంలో నేను చూసినంతవరకు, గెలిచిన పిల్లవాడు అక్కడే కొట్టి ఓడినవాడికీ ఒక ముక్క పెట్టేవాడు. వస్తాదు ఓడినవాణ్ణి దగ్గరకు పిలిచి, పట్టు ఎక్కడ జారిందో చూపించేవాడు. ఓడినవాడు గెలిచాడని ఎవరూ అబద్ధమాడలేదు. వాణ్ణి ఉత్త చేతులతోనూ పంపలేదు. ఆ రోజుల్లో ఆడపిల్లలు ఆ బరి దరిదాపులకు కూడా రాలేదన్న సంగతి మాత్రం మరవకూడదు.

ఆడపిల్లకు బరి దొరికితే ఏమవుతుందో మలావత్ పూర్ణ చూపించింది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు ఈ గిరిజన బాలిక తాడ్వాయి గురుకులంలో చదువుతూ, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయికి ముందు దొరికినది పతకం కాదు; భువనగిరి కొండ మీద తాడు, డార్జిలింగ్‌లోనూ లడఖ్‌లోనూ శిక్షణ, నేర్పే మనుషులు.

కనుక నేను కోరేది ఇది. పదేళ్లలోపు పిల్లలకు మొదటి, రెండవ స్థానాలే వద్దు. అందరికీ ఒక పుస్తకమో, మిఠాయో పెట్టండి. పెద్దపిల్లలకు నిజం చెప్పండి. ఓడిన ప్రతివారికీ తప్పు ఎక్కడో చూపించి దిద్దండి. అంతకంటే ముందు, పోటీ పెట్టే బడి ఆ పిల్లలకు ఏడాది పొడవునా ఏమి నేర్పిందో అడగండి. కప్పుల బిల్లు మీద సంతకం పెట్టే ముందు, ఆ ఏడాది ఎన్ని ఆటల పీరియడ్లు లెక్కల పీరియడ్లుగా మారిపోయాయో హెడ్మాస్టరు గారిని ఒక్కసారి లెక్క అడగండి.