మూడు ఊళ్ళు - మూడు మజిలీలు

ఇంటిని వీపున మోసుకుని తిరగటం నత్తకే చెల్లిందనుకునేవాళ్ళం. ఇప్పుడు మనుషులకూ ఆ విద్య పట్టుబడింది. పడకలూ, పొయ్యీ, నీళ్ళతొట్టీ అమర్చిన బండిలోనే వండుకుని, అందులోనే పడుకుంటూ దేశం తిరగటం పైదేశాలలో చాలా కాలంగా ఉన్నదే. మన దక్షిణాదిన కేరళ ప్రభుత్వం 2021లో ఇటువంటి బండ్లకోసం ప్రత్యేకంగా ఒక పథకం పెట్టింది. బెంగుళూరులో ఉంటున్న మా బావమరిది తన వ్యానుకు ఈ హంగులన్నీ చేయించుకుని, మొన్న పుష్యమాసంలో, "రండి బావా, సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు తిరిగివద్దాం" అన్నాడు.

నేను సరేననటానికి కారణం మా అమ్మ. ఆమెకు డెబ్బైయారేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో లాడ్జీ మెట్లు ఎక్కలేక ఆరేళ్ళుగా ఊరు దాటలేదు. పెనుకొండ బాబయ్య దర్గాలో చక్కెర చదివిస్తానని మా అమ్మమ్మ ఎప్పుడో మొక్కుకుని, తీర్చకుండానే పోయిందట. "నేను కూడా పోయేలోగా ఆ బాకీ తీర్పించరా నాయనా" అని ఏటా అడుగుతూనే ఉంది.

బండి సరే, రాత్రికి దాన్ని ఎక్కడ నిలపాలి? పైదేశాలలో ఇందుకు వేరే స్థలాలుంటాయి. నీళ్ళూ, కరెంటూ, మరుగుదొడ్డీ చూపించి రాత్రికింత అని పుచ్చుకుంటారు. మా దారిలో అటువంటివి మాకెక్కడా తగలలేదు. 1830లో చెన్నపట్నంనుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, మజిలీ మజిలీకీ దిగటానికి చోటు ఉందా, నీళ్ళు ఎటువంటివి, అంగళ్ళున్నాయా అని రాసిపెట్టుకున్నారు. ఆయన ఈ ఊళ్ళమీదుగా పోలేదుగాని, ఆ మూడు ప్రశ్నలూ మాకు బాగా పనికివచ్చాయి. నాలుగోది మేము చేర్చుకున్నాం: ముసలామె రాత్రివేళ లేస్తే ఎక్కడికి వెళ్ళాలి?

హిందూపురం వ్యాపారస్థలం. బెల్లం, చింతపండు, మిరపకాయలు, పట్టుగూళ్ళు - సరుకు వచ్చీ పోయే ఊళ్ళో లారీలకు రాత్రీ పగలూ ఒకటే. అందుచేత అక్కడ కూరగాయలూ, పాలూ మాత్రం కొనుక్కుని, పదిహేను కిలోమీటర్ల దూరాన ఉన్న లేపాక్షి చేరాం. పర్యాటకశాఖవారి బస అక్కడ ఉంది. గదులు కావలసినవారికి అది సుఖమే. మాకు కావలసింది చదునైన నేల. ఊరి చివర ఒక రైతు తన ఇంటి పక్క కళ్ళంలో బండి పెట్టుకోమన్నాడు. వేరుసెనగ పని అయిపోయి కళ్ళం ఖాళీగా ఉంది. అలికిన నేల, పక్కనే కుళాయి, పెరట్లో మరుగుదొడ్డి. డబ్బులిస్తే నొచ్చుకున్నాడు. పిల్లలకు మిఠాయి పొట్లం ఇస్తే పుచ్చుకున్నాడు. తెల్లవారి ఎండ ఎక్కకముందే ఆ మహానందిని చూడటం గదుల్లో దిగినవారికి ఎంతమందికి పడుతుందో!

రెండోరోజు గట్టి చిక్కే వచ్చింది. పెనుకొండ వద్ద 44వ నంబరు జాతీయ రహదారిమీద పెట్రోలు బంకులో బండి నిలుపుదామని మా బావమరిది పట్టు. దీపాలుంటాయి, మనుషులుంటారు, డీజిలు పోయించుకుంటే కాదనరు అని అతని వాదం. నిజమే. ఒంటరిగా పోయే మగవాళ్ళకు అది చాలు. మా ఆవిడ దిగి చూసివచ్చి, "ఏమండీ, మరుగుదొడ్డి ఆ కొసన ఉంది. అత్తయ్యగారు రాత్రి రెండుసార్లు లేస్తారు. ఆ లారీల మధ్యనుంచి ఎట్లా నడిపించను?" అంది. దాంతో బంకు మాట ముగిసింది. చెరువుకట్టమీద గాలి బాగుంటుందన్నాడు. మనుషుల అలికిడి లేని చోట ఆడవాళ్ళతో రాత్రి గడపటం నాకు సమ్మతం కాలేదు.

నా పూర్వవిద్యార్థి ఒకడు ఆ ఊళ్ళోనే ఒక బడిలో పనిచేస్తున్నాడు. మేష్టరుగిరీలో జీతాల మాట ఎట్లా ఉన్నా, ఊరికొక శిష్యుడు దొరుకుతాడు. సెలవులు గనుక బడి ఖాళీ. యాజమాన్యంతో మాట్లాడి ప్రహరీలోపల చోటు ఇప్పించాడు. పొద్దు వాలకముందే అడిగాం గనుక పని అయింది. చీకటి పడ్డాక తలుపు తడితే ఎవరికైనా అనుమానమే.

అమ్మ దర్గాలో చక్కెర చదివించింది. హిందువులూ, ముసల్మానులూ ఒకే వరుసలో నిలబడి ఉన్నారు. బయటికి వచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మ పేరు చెప్పానురా" అంది, అంతే.

నేను మాత్రం గగనమహలు చూసి వచ్చాను. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత తిరుమలరాయలు విజయనగరం వదిలి ఈ కొండకిందికే రాజధాని తెచ్చుకున్నాడు. పుట్టపర్తి నారాయణాచార్యులవారు చిన్నతనంలో రాసిన 'పెనుగొండ లక్ష్మి'ని పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు తామే పాఠ్యగ్రంథంగా చదవవలసివచ్చిందన్న ముచ్చట మా క్లాసులో ఏటా చెబుతాను. ఈసారి ఆ గోడల దగ్గర నిలబడి మా మేనల్లుడికి చెప్పాను. వాడికి ఆకలిగా ఉంది.

మూడో మజిలీ ధర్మవరం. ఆంధ్రనాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి పేరులో ఉన్నది ఈ ఊరే. పట్టుచీరెల వీధులు చూడవలసిందేగాని, మరమగ్గాలున్న సందుల పక్క పడుకోవటం కష్టం. పట్టుచీరెలను చేతిమగ్గానికే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చినా, మరమగ్గం పోటీ తగ్గలేదని నేతగాళ్ళ బాధ. ఆ చప్పుడు వింటే మనకూ తెలుస్తుంది.

ఇక్కడ మాకు దొరికిన చోటు ఒక కల్యాణమండపం. పుష్యం శూన్యమాసం, పెళ్ళిళ్ళు లేవు. ఎత్తైన గేటు, బోరునీళ్ళు, వరుసగా మరుగుదొడ్లు, కాపలాదారు - ఇంతకంటే ఏం కావాలి? కాపలాదారు బండిచుట్టూ తిరిగి, "ఏం సార్, బండ్లోనే పండుకుంటారా? లోపల రూములుండాయి గదా!" అని ఆశ్చర్యపోయాడు. అయిదువందలు అడిగి, అమ్మను చూసి మూడువందలకు దిగాడు. అతని భార్య రాగిసంగటి తెచ్చిపెట్టి, "మెట్లు లేవులే అవ్వా, రా" అని అమ్మను చెయ్యిపట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పది దాటినా ఇద్దరి కబుర్లూ తెగలేదు.

పొద్దున్నే ఎవరో పెళ్ళివారు మాఘమాసానికి మండపం మాట్లాడుకోవటానికి వచ్చారు. వెళ్ళదలచినవారు ఆలోగానే వెళ్ళాలి. మాఘం వచ్చిందంటే ఆ ఆవరణలో బండి కాదుగదా, చెప్పులు విడవటానికి కూడా చోటు దొరకదు.