టోపాస్

మా పేటలో మా ఇంటిని నేవీవోళ్ళిల్లు అంటారు. ఇంటిపేరు వేరే ఉంది గానీ దాంతో ఎవరికీ పన్లేదు. "ఎవరి పిల్లోడివిరా?" అంటే "నేవీవోళ్ళ పిల్లోణ్ణండి" అనడమే. కాకినాడ నుంచి కోరంగి పోయే దారిలో మాది. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు కోరంగి. ఈ తీరం నుంచి మనోళ్ళు కూలికి రంగం పోతే, అక్కడ వాళ్ళని కోరంగీలనే పిలిచేవారు. కాబట్టి సముద్రం దాటడం మాకు వింతేం కాదు. కానీ యూనిఫారమేసుకుని యుద్ధం ఓడెక్కిన మాలోడు మా తాతొక్కడే అని మా గొప్ప.

గోడ మీద యేసుప్రభువు పటం పక్కన తాత ఫోటో ఉండేది. తెల్ల బట్టలు, నెత్తిన టోపీ. 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరాడు, 1946లో తిరిగొచ్చాడు. జపానోళ్ళ విమానం మీద తుపాకీ పేల్చాడని మా అయ్య చెప్పేవాడు. తాత సెలవు మీద వచ్చి ఊరి నడివీధిలోంచి నడుస్తుంటే ఓ ఆసామి అరుగు మీంచి కేకేసి బూట్లు విప్పించాడంట. టోపీ మాత్రం తియ్యలేదంట తాత. బళ్ళో వెనక కూచోబెట్టిన ప్రతిసారీ ఆ టోపీనే తల్చుకుని చదివానని అయ్య అంటాడు. అలాగే చదివి టీచరయ్యాడు.

నేను కాలేజీకొచ్చాక ఆ కథని ఇంకాస్త పెంచాను. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ నుంచి మొదలైన నావికుల తిరుగుబాటులో మా తాత ఉన్నాడని విద్యార్థి సంఘం మీటింగుల్లో చెప్పేవాణ్ణి. చప్పట్లు పడేవి. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. సంవత్సరం కలిసింది, అంతే.

మామ్మ 2001లో పోయింది. ఆమె రేకుపెట్టె అడుగున బైబిలు, అందులో మడత పెట్టిన ఒక కాగితం దొరికాయి. తుపాన్లకి తడిసి సిరా అంతా అలుక్కుపోయింది. ఒక నంబరూ, సగం ముద్రా మిగిలాయి. పేరు కనపడలేదు. అసలు తాతకి పేర్లు మూడు. పేటలో పిలిచేదొకటి, చర్చి పుస్తకంలో బాప్తిస్మం పేరొకటి, నేవీలో ఎవడో గుమస్తా చెవికి వినపడినట్టు రాసుకున్నదొకటి. మామ్మ ఆ మూడింట్లో ఏదీ నోటితో అనేది కాదు, మొగుడి పేరు గదా. నేనూ ఇక్కడ రాయను.

చర్చి పుస్తకంలో బాప్తిస్మం, పెళ్ళి రెండూ దొరికాయి. పెళ్ళి దగ్గర వృత్తి అన్న గడిలో పాస్టరు గారు "నావికుడు" అని గుండ్రంగా రాశారు. ఆ నంబరు పట్టుకుని ఉత్తరాలు రాశాను. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుకి రాయమంది. రెండేళ్ళ తర్వాత ఒక జిరాక్సు కాగితం వచ్చింది. ఎత్తు, ఛాతీ, ఎడం మోచేతి మీద మచ్చ. మతం, కులం. క్యారెక్టర్ వెరీ గుడ్. డిశ్చార్జి 1946 జనవరి. తిరుగుబాటుకి నెల ముందే ఇంటికొచ్చేశాడన్న మాట. నేను మీటింగుల్లో చెప్పిందంతా అక్కడే కూలిపోయింది.

రేటింగ్ అన్న గడిలో ఒకే మాట. టోపాస్.

తుపాకీకి సంబంధించిన మాటేమో అనుకున్నా. విశాఖపట్నంలో నేవీలో చేసి రిటైరైన ఒకాయన్ని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఓడలో దొడ్లు కడిగేవాళ్ళండి" అన్నాడు మెల్లిగా. పాత ఇంగ్లీషు నిఘంటువులో వెతికితే, మొదట పోర్చుగీసు సంకరం వాళ్ళని, వాళ్ళలోంచి వచ్చిన సిపాయిల్ని అలా పిలిచేవాళ్ళని ఉంది. టోపీ నుంచే ఆ మాట వచ్చిందని కొందరంటారట. సిపాయి మాట దిగి దిగి ఓడలో పాకీవాడి మాటయింది. తర్వాతి కాలంలో నేవీ ఉద్యోగ ప్రకటనల్లో హైజీనిస్టు అని వేశారు. పేరు మార్చడానికి ఖర్చేముంది.

అయ్యకి చూపించాను. చదివి నాలుగు మడతలు పెట్టాడు. "పేటలో ఎవరికీ చూపించకు. మనమేమన్నా రెల్లోళ్ళమా?" అన్నాడు.

ఆ మాట దగ్గర ఆగాలి నేను. అది అయ్య మాట ఒక్కటే కాదు, మా ఇంటి మాట, మా పేట మాట. ఊళ్ళో ఆసామి మా బూట్లు విప్పిస్తే మాకు మండింది. మునిసిపాలిటీ బండి లాగే రెల్లి మనిషిని మేం ఏ అరుగు మీద కూచోబెట్టాం? మేం కాకినాడలో అద్దెకున్నప్పుడు, 1982 ప్రాంతంలో, దొడ్డి ఎత్తడానికి ఒకావిడ వచ్చేది. చుట్టూ ఉన్నోళ్ళు మనోళ్ళే. టీ పైనుంచి పోసేవాళ్ళు. మామ్మ ఒక్కతే ఇంట్లో గ్లాసుతో ఇచ్చి పక్కన కూచోబెట్టుకునేది. మా అత్త గొడవ పడితే, "మీ నాన్న ఉన్నప్పట్నుంచీ ఇంతేనే" అనేది. అప్పుడది మామ్మ భక్తి అనుకున్నాం. మామ్మకి తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఆయన పక్కన పడుకుంది, తెలీదా?

1945 డిసెంబరు 1న, నేవీ డే నాడు, తల్వార్ గోడల మీద క్విట్ ఇండియా అని నినాదాలు కనపడ్డాయి. రాసినవాళ్ళలో ఒకడైన బి.సి. దత్ పేరు చరిత్రలో ఉంది, ఉండాల్సిందే. ఆ గోడలు కడగమని చీపురూ బకెట్టూ ఎవరి చేతికిచ్చి ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ నెలలో మా తాత ఇంకా నేవీలోనే ఉన్నాడు.

ఈ వ్యాసం అచ్చుకిచ్చే ముందు అయ్యకి చదివి వినిపించాను. రెల్లోళ్ళ మాట దగ్గర ముఖం పక్కకి తిప్పుకున్నాడు. చాలాసేపటికి, "రాసుకో. ఉన్నదే గదా" అన్నాడు. నేను లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు.

"ఆ టోపీ ఫోటో కూడా వెయ్యమను."