కుట్రను నమ్మి కొన్న ఫోన్

పాత ఫోన్లను కంపెనీలే కావాలని స్లో చేస్తాయని ఏళ్ల తరబడి వాదించాను. టీ బంకు దగ్గరైనా, పెళ్లి బంతిలోనైనా ఎవరో ఒకరు "నా ఫోన్ ఈమధ్య మరీ స్లో అయిపోయింది" అనడం ఆలస్యం, నేను అందుకునేవాణ్ని. ఒక అప్‌డేట్ పంపిస్తారు, దాంతో దాని పని అయిపోతుంది, కొత్తది కొనక తప్పదు అని.

నా వాదనకు ఆధారం కూడా ఉండేది, యాపిల్ ఉదంతం. 2017 డిసెంబరులో ఒకాయన తన ఐఫోన్ 6ఎస్‌కి బ్యాటరీ మారిస్తే పోయిన వేగం తిరిగొచ్చిందని బయటపెట్టాడు. ఫోన్ల వేగాన్ని కొలిచే గీక్‌బెంచ్‌ను తయారుచేసిన జాన్ పూల్ తన దగ్గరున్న స్కోర్లు తిరగేసి, సాఫ్ట్‌వేర్ మారాకే ఈ తేడా వచ్చిందని చూపించాడు. ఆ వెంటనే యాపిల్ నిజమేనని ఒప్పుకుంది, నెలాఖరుకల్లా క్షమాపణ చెప్పింది, 79 డాలర్ల బ్యాటరీ మార్పిడిని 29కి దించింది. ఇక్కడిదాకా నాకు కంఠతా వచ్చు. ఆపైన చదవలేదు.

తమాషా ఏమిటంటే నాది ఐఫోనే కాదు. ఎవరో చేసిన పనికి నా ఫోన్‌ను బోనెక్కించాను. కెమెరా నొక్కితే తెరుచుకోవడానికి యుగం పట్టేది, ముప్ఫై శాతం ఛార్జింగ్ చూపిస్తూనే గుటుక్కుమనేది. 'ఇదిగో, మొదలెట్టారు' అనుకుని వాయిదాల మీద కొత్తది కొని, దీన్ని సొరుగులో పడేశాను.

ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడు "మామయ్యా, అది వాడకపోతే నాకివ్వవా" అన్నాడు. దండగ అని చెప్పినా వినకుండా అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కి లాక్కెళ్లాడు. రిపేరు కుర్రాడు బ్లోయర్‌తో వెనక మూత వేడిచేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్క అంచు వెంబడి తోసుకుంటూ పోయి ఊడదీశాడు. బ్యాటరీ నడుమ అప్పడంలా లేచి ఉంది. "ఉబ్బింది సార్, ఇట్ల ఇంట్ల పెట్టుకోవద్దు" అని పక్కన పెట్టి కొత్తది బిగించాడు. ఫోన్ ఆన్ చేసి చూసి, "లోపల జాగానే లేదు కదా సార్" అన్నాడు. ఫ్యామిలీ గ్రూపుల శుభోదయం బొమ్మలు, ఒకే పెళ్లి వీడియో మూడు గ్రూపుల నుంచి మూడుసార్లు. స్టోరేజీ అంచుదాకా నిండితే ఫోన్ కొత్త సమాచారం రాసుకోవడానికి ముందు ఉన్నదాన్ని అటూ ఇటూ సర్దుకోవాలి. ఆలస్యమంతా అక్కడేనట. అన్నీ తుడిచేసి రీసెట్ కొట్టాడు. కెమెరా నొక్కగానే తెరుచుకుంది. అయిన ఖర్చు నా నెల వాయిదాలో సగం కూడా లేదు. మేనల్లుడు పెద్దల పట్ల మర్యాద తెలిసినవాడు కాబట్టి నన్నేమీ అనలేదు.

మిగతా కథ అప్పుడు చదివాను. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజీ పడిపోయి, ఛార్జింగ్ ఉన్నా ఫోన్ ఆరిపోతుంది. నా ఫోన్ గుటుక్కుమనడానికి కారణమూ ఇదే. యాపిల్ 2017 జనవరి అప్‌డేట్‌తో ప్రాసెసర్‌కి పగ్గం వేసింది దీన్ని ఆపడానికే. వేసినట్టు మాత్రం సరిగ్గా చెప్పలేదు. 2020లో ఫ్రాన్స్ విధించిన రెండున్నర కోట్ల యూరోల జరిమానా కూడా కొనుగోలుదారులకు ఆ సంగతి చెప్పనందుకే. కొత్తవి అమ్ముకోవడానికే చేశారన్నది అక్కడ తేలలేదు.

అలాగని కంపెనీని వెనకేసుకు రాలేను. 2019 జనవరిలో టిమ్ కుక్ మదుపరులకు రాసిన లేఖలో, కొత్త ఐఫోన్‌కి మారేవాళ్లు తగ్గడానికి చౌక బ్యాటరీ మార్పిడి కూడా ఒక కారణమని ఉంది. అంటే తప్పు బ్యాటరీదని తెలిస్తే జనం ఫోన్ కొనరు. చెప్పకపోవడం వల్ల ఎవరికి లాభమో వేరే చెప్పాలా? నా నమ్మకం కూడా అచ్చంగా ఆ లాభమే చేసిపెట్టింది. కుట్ర ఉందని నమ్మినవాడు బ్యాటరీ చూపించుకోడు, తిట్టుకుంటూ వెళ్లి కొంటాడు. ఇన్నాళ్లూ నేను తిట్టిన తిట్లన్నీ కంపెనీకి ఉచిత ప్రచారమే. పెళ్లి బంతుల్లో నా మాట విని ఎంతమంది మంచి ఫోన్లు పారేశారో!

ఇప్పటికీ వాదిస్తాను, కాకపోతే వేరే దాని మీద. మేనల్లుడి ఫోన్ బ్రహ్మాండంగా నడుస్తోంది, కానీ దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావడం ఆగిపోయింది. బ్యాంకు పనులు అందులో చేయొద్దని నేనే చెప్పాను. ఐరోపాలో 2025 జూన్ 20 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి, 800 సార్లు ఛార్జి చేశాక కూడా బ్యాటరీలో 80 శాతం సత్తా మిగలాలి. అలాంటిదే మనకూ కావాలని ఎవరైనా అర్జీ రాస్తే మొదటి సంతకం నాది.