ఫుట్‌బాల్ లూయిస్, లాయర్ లూయిస్

చలి బాగా ముదిరింది, మంట దగ్గరికి జరగండి. ఒక లాయరు ముచ్చట చెబుతాను.

అనంతగిరి అంటే బయటివాళ్లకు వికారాబాద్ కొండలే గుర్తొస్తాయి. మనది కోదాడ నుంచి ఖమ్మం పోయే దారిలో ఉన్న అనంతగిరి. ఇక్కడ గట్టు పంచాయితీ వచ్చినా, అప్పు పంచాయితీ వచ్చినా కోదాడ పోయి లాయరు సాబ్‌ను కలుస్తాం. ఆయన చదువుకునే రోజుల్లో ఏ ఆట ఆడాడో ఎవరమూ అడగం. నేను చెప్పబోయే మనిషిని మాత్రం ముందు మైదానంలోనే చూడాలి. పేరు విలియం హెన్రీ లూయిస్. 1868లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టిన నల్లజాతి బిడ్డ. తల్లిదండ్రులు బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు, తండ్రి చర్చి పాస్టరు.

ఆయన ఆడింది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, మనుషుల్ని గుద్దుకుంటూ ముందుకు ఉరికే ఆట. అందులో సెంటర్ అనేవాడు వరుస నడుమ వంగి నిలబడి, కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి అందిస్తాడు. అందించిన మరుక్షణం ఎదుటివాళ్లు వచ్చి మీద పడతారు. లూయిస్ ఆడింది ఆ చోటే. ఎనభై కిలోల బరువు కూడా లేడు. ఆమ్‌హర్స్ట్ కాలేజీలో జట్టుకు కెప్టెన్ అయ్యాడు. తర్వాత హార్వర్డ్‌లో లా చదువుతూనే ఆ జట్టుకూ ఆడాడు, అప్పటి నిబంధనలు అందుకు ఒప్పుకునేవి. 1892లోనూ 1893లోనూ దేశం మొత్తం మీద ఎంపిక చేసే ఆల్ అమెరికా జట్టులో చోటు దొరికింది. అంతకుముందు ఏ నల్లజాతి ఆటగాడికీ ఆ గౌరవం దక్కలేదు.

అంత పేరున్నవాడికి హార్వర్డ్ దగ్గర ఒక మంగలి దుకాణంలో క్షవరం చెయ్యం పొమ్మన్నారు. ఈ మాట వినగానే మీకు ఏ ఊరు గుర్తొస్తుందో నేను చెప్పనక్కర్లేదు. మన దిక్కు కూడా దళితులకు క్షవరం చెయ్యని ఊళ్లు, హోటల్లో వాళ్లకు వేరే గ్లాసు పెట్టిన ఊళ్లు ఉన్నాయి. లూయిస్ అవమానం దిగమింగి ఊరుకోలేదు, దుకాణదారుతో కొట్లాటకూ పోలేదు. బట్లర్ విల్సన్ అనే నల్లజాతి లాయరుతో కలిసి శాసనసభ చుట్టూ తిరిగి, మసాచుసెట్స్ రాష్ట్రంలో వివక్షను నిషేధించే చట్టాన్ని మరింత విస్తరింపజేశాడు. అప్పటికింకా విద్యార్థే! నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే.

ఆటలోనూ ఆయన తీరు అదే. 1895లో లా పట్టా తీసుకున్నాక పన్నెండు సీజన్లు హార్వర్డ్ జట్టుకు కోచింగ్ ఇచ్చాడు. 1896లో ఆట నేర్పే పుస్తకం రాశాడు. 1905 నాటికి ఆ ఆటలో కుర్రాళ్ల ప్రాణాలే పోతుంటే ఆపేయాలన్న గోల లేచింది. రెండు వరుసల మధ్య బంతి పొడవంత జాగా ఖాళీగా ఉంచాలన్న నిబంధన 1906లో వచ్చింది. ఆ ఆలోచన ముందుకు తెచ్చినవాళ్లలో లూయిస్ ఒకడు.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఆయన్ని బోస్టన్‌లో ప్రభుత్వ న్యాయవాదిగా పెట్టాడు. 1911లో, అంటే మన మోహన్ బగాన్ కుర్రాళ్లు దాదాపు అందరూ వట్టి కాళ్లతో ఆడి తెల్లవాళ్ల జట్టు మీద ఫుట్‌బాల్ షీల్డ్ గెలిచిన ఏడే, లూయిస్ దేశానికి అసిస్టెంట్ అటార్నీ జనరల్ అయ్యాడు. కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వాహక విభాగంలో అంత పెద్ద పదవి అంతవరకూ ఏ నల్లజాతి మనిషికీ దక్కలేదు.

అదే ఏడాది అక్కడి లాయర్ల సంఘం, అమెరికన్ బార్ అసోసియేషన్, ఆయన్ని సభ్యుడిగా చేర్చుకుంది. ఆయన నల్లవాడని తెలిశాక 1912 జనవరిలో దాని కార్యవర్గం ఆ సభ్యత్వం రద్దు చేసింది. రాజీనామా ఇచ్చి గౌరవంగా తప్పుకోమంటే లూయిస్ ఇవ్వలేదు. ఆయన పైఅధికారి, అటార్నీ జనరల్ వికర్‌షామ్, ఆ రద్దును తప్పుపడుతూ సుమారు 4,700 మంది సభ్యులకు ఉత్తరాలు రాశాడు. చివరికి రాజీ కుదిరింది: ఇప్పటికే చేరినవాళ్లు ఉండొచ్చు, ఇకమీదట చేరేవాళ్ల జాతి ఏమిటో దరఖాస్తులో రాయాలి. న్యాయం చదివినవాళ్ల సంఘం చేసిన పని ఇది. మంగలి దుకాణం కన్నా ఇదే పెద్ద తప్పని నేనంటాను, ఎందుకంటే వీళ్లకు చట్టం తెలుసు.

సభ్యత్వానికి జాతితో పని లేదని ఆ సంఘం తీర్మానించింది 1943లో. 1949 జనవరి 1న లూయిస్ బోస్టన్‌లో కన్నుమూశాడు. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చడానికి మరో అరవయ్యేళ్లు పట్టింది.

మన రాజ్యాంగంలో 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల పేర్లు విడిగా ఎత్తి మరీ కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదంటుంది. మీ ఇంట్లో లా చదివే పిల్లలుంటే ఆ అధికరణంతో పాటు ఈ లూయిస్ ముచ్చట కూడా చెప్పండి.