పసుపు మరక

మా తమ్ముడి పెళ్లిలో తెల్లపంచెకు పసుపంటింది. మా అమ్మాయి సబ్బు పెట్టి రుద్దగానే మరక ఎర్రబారింది. నెత్తురులా ఉంది, అపశకునమని ఇంట్లో గుసగుసలు. పిల్ల ఏడ్చేసింది.

మా అవ్వ నవ్వింది. "పొద్దున కొత్త జంటకు మీరు దిష్టి తీసిన ఎర్రనీళ్లేంటి? పసుపులో సున్నం కలిపినవే కదా! సబ్బుదీ సున్నం గుణమే" అంటూ నిమ్మచెక్క పిండింది. ఎరుపు పోయి మళ్లీ పసుపు రంగే వచ్చింది. ఉతికి ఎండలో ఆరేస్తే అదీ వెలిసిపోయింది.

సబ్బు, సున్నం క్షారాలు, నిమ్మరసం ఆమ్లం అని మా పిల్ల బడిలో ఇంగ్లీషులో చదివిందే. అదే పాఠం అవ్వ దగ్గర తెలుగులో ఉందని ఆ రోజే తెలిసింది. మీ ఇంటి పెద్దవాళ్లనూ అడిగి రాసిపెట్టుకోండి.