ఇజాజత్

"అబ్బా కీ ఆవాజ్ భేజ్ రే" అని దమ్మామ్ నుంచి భాయీజాన్ మూడుసార్లు ఫోన్ చేశాడు. జనాజాకు రాలేకపోయాడు పాపం. తెల్లారితే అబ్బా ఇంతెకాల్‌కు ఏడాది.

మా పిడుగురాళ్ల సున్నం బట్టీల మీద స్టోరీ రాస్తూ 2011లో అబ్బాను రెండు గంటలు మాట్లాడించి రికార్డు చేశా. రాయి ఒక వరస, బొగ్గు ఒక వరస ఎలా పేర్చాలో, కాలిన రాయి మీద నీళ్లు పడితే ఎలా కుతకుతలాడుతుందో, అంతా ఆయన నోటే. ఆ ఫైళ్లు మావాడి గదిలోని డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. కిందటి వారమే అందులో కొత్త ఉబుంటు మొదట్నుంచీ వేసి, పాత డిస్కులోని ఫైళ్లు యథాతథంగా వెనక్కి తెచ్చా.

ఇషా తర్వాత హాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. మావాడికి పొద్దున పరీక్ష, పడుకున్నాడు. లాగిన్ అయ్యింది, ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి. ఎస్‌సీపీ కొడితే "పర్మిషన్ డినైడ్". ఉర్దూ మీడియం బళ్లో మంచినీళ్లకు వెళ్లాలన్నా ఉస్తాద్‌ను ఇజాజత్ అడిగినవాణ్ని. మా అబ్బా గొంతుకు కూడానా!

కోపమొచ్చి, చేయకూడదని తెలిసీ చేశా. సుడోతో నా హోమ్ ఫోల్డర్ మొత్తానికి సీహెచ్‌మాడ్ 777. అందరికీ అన్నీ. ఆ విండో మూసేసి మళ్లీ ఎస్‌సీపీ కొట్టా. మళ్లీ "పర్మిషన్ డినైడ్", పక్కన "పబ్లిక్ కీ" అని. మొదటిసారి ఫైలు దగ్గర ఆపింది, ఈసారి గుమ్మంలోనే. హోమ్ ఫోల్డర్‌లో ఎవరైనా రాయగలిగేలా ఉంటే అందులోని తాళంచెవిని ఎస్‌ఎస్‌హెచ్ నమ్మదు. పాస్‌వర్డ్ లాగిన్ నేనే ఎప్పుడో ఆపేశా, జాగ్రత్త అనుకుని.

ఫజర్ దాకా ఆగాల్సి వచ్చింది. వాడు వజూకు లేవగానే డెస్క్‌టాప్ దగ్గరికెళ్లా. హోమ్‌కు 755, తాళంచెవుల ఫోల్డర్‌కు 700, అందులోని ఫైలుకు 600. తర్వాత ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఎన్ కొట్టి చూస్తే రికార్డింగుల మాలిక్ నంబరు 1000. నాది 1001. ఫైలు మీద యునిక్స్ రాసుకునేది నంబరే. పాత సిస్టమ్‌లో 1000 నేను. కొత్తదాంట్లో మొదటి ఖాతా మావాడికి తెరిచా. అంటే వారం నుంచి వాళ్ల దాదా గొంతుకు మాలిక్ వాడే.

"చౌన్ కొట్టి నీ పేరు మీదికి మార్చుకో డాడీ" అన్నాడు తుండుతో మొహం తుడుచుకుంటూ.

టైపు చేసి, చెరిపేశా. వాణ్నే మాలిక్‌గా ఉంచి, ఆ ఫోల్డర్‌కు 750, ఫైళ్లకు 640 పెట్టి, వాడి గ్రూపులో నన్ను చేర్చుకున్నా. మళ్లీ లాగిన్ అయితే ఫైళ్లన్నీ వచ్చాయి.

భాయీజాన్‌కు పంపిన అరగంటకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆయనేమీ మాట్లాడలేదు. వెనక అబ్బా మాటే మోగుతోంది: "పానీ ఏక్‌దమ్ నక్కో డాల్ బేటా."