కొత్త కట్ట విప్పొద్దు: మేము ప్రోగ్రామ్ ఆపడం నేర్చుకున్న కథ

పోస్టు కొంచెం పొడుగు. కోడింగ్ నేర్చుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవండి. ఇందులో మా గొప్ప ఏమీ లేదు, మా తప్పే ఉంది. అదే తప్పు మీరు చెయ్యకూడదని రాస్తున్నాం.

మేము నలుగురం. విజయవాడలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాం. ఇద్దరం లంబాడా, ఒకరు ఎరుకల, ఒకరు కోయ. ప్రతి ఏడాది కౌన్సెలింగ్ టైములో జూనియర్ల సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేసి పెట్టడం మా రూము పని. కులం, ఆదాయం, మార్కుల మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు. పిల్లలు ఫోన్లో ఫోటో తీసి పంపుతారు. ఒక్కో ఫోటో ఐదారు ఎంబీలు ఉంటుంది. పోర్టల్ అంత పెద్దది తీసుకోదు. ఒక్కోటి దించుకుని, సైజు తగ్గించి, పీడీఎఫ్ చేసి, పేరు పెట్టి దాచాలి. చేత్తో చేస్తే రాత్రిళ్ళు తెల్లారిపోయేవి.

అందుకని పోయినేడు పైథాన్‌లో ఒక ప్రోగ్రామ్ రాశాం. క్యూలో పనులు వేస్తే, ఎనిమిది వర్కర్ థ్రెడ్లు ఒక్కో ఫోటో తీసుకుని పని చేస్తాయి. ఇలాంటి పనిలో ఎక్కువ టైము నెట్ కోసం ఎదురుచూడడానికే పోతుంది కాబట్టి థ్రెడ్లు బాగా పనికొస్తాయి. ఒకటి ఎదురుచూస్తుంటే ఇంకోటి కదులుతుంది. గంటల పని నిమిషాల్లోకి వచ్చింది. మాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఒక్కటే ఇబ్బంది. పని అయిపోయినా ప్రోగ్రామ్ మూసుకునేది కాదు. వర్కర్లు ఖాళీ క్యూ ముందు నిలబడి ఎదురుచూస్తూనే ఉండేవి. ఎక్కడో చూసి థ్రెడ్ పెట్టేచోట డీమన్ అనేదానికి ట్రూ అని పెట్టాం. అంతే, కంట్రోల్-సి కొట్టగానే ఠక్కున మూసుకుంది. సమస్య తీరిందనుకున్నాం.

ఇంకో తప్పు కూడా చేశాం. డ్రైవ్‌లో స్థలం చాలట్లేదని, ఫోటో మెమరీలోకి రాగానే ముందు రిజిస్టర్‌లో "పూర్తి" అని రాసి, డ్రైవ్‌లో ఒరిజినల్ ఫోటో తీసేసి, ఆ తర్వాత పీడీఎఫ్ రాసేలా పెట్టాం. ఎలాగూ రాస్తుందిగా అనే ధీమా.

ఆ రాత్రి కంప్యూటర్ గదికి తాళం వేసే టైమయింది. ఇంకా కొన్ని ఫోటోలు మిగిలే ఉన్నాయి. మిగతావి పొద్దున చూద్దామని కంట్రోల్-సి కొట్టి, లైటు ఆపి పడుకున్నాం.

మర్నాడు అప్‌లోడ్‌కి ఆఖరి రోజు. చింతూరు వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడి ఆదాయ సర్టిఫికెట్ తెరిస్తే ఫైల్ పాడైందని చూపిస్తోంది. రిజిస్టర్‌లో చూస్తే "పూర్తి". డ్రైవ్‌లో చూస్తే ఫోటో లేదు. వాడి ఫోన్లో కూడా లేదు, వాళ్ళ మామ ఫోన్ నుంచి పంపించాడట. కాగితం ఊళ్ళో ఇంట్లో ఉంది. ఊళ్ళో సిగ్నల్ లేదు. వాడు మా ముందు ఏమీ అనలేదు. "పర్లేదన్నా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఎవరెవరికో ఫోన్లు చేస్తే, సంతకు వచ్చిన ఒకాయన కబురు మోసుకెళ్ళాడు. వాళ్ళ మామ కాగితం జేబులో పెట్టుకుని బండి మీద సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి ఫోటో పంపాడు. గడువుకి గంట లోపు ఉండగా అప్‌లోడ్ అయింది. అలాంటి ఫైళ్ళు ఇంకా ఆరు దొరికాయి. ఆ పిల్లలు దగ్గర్లోనే ఉండబట్టి సరిపోయింది.

ఒక కాగితం సగం రాసి ఆగిపోతే పిల్లాడి సీటు పోయేది. అందరూ కంప్యూటర్ తప్పు అన్నారు. కాదు, ఆపిన పద్ధతి తప్పు, ఆపింది మేము.

ఇక అసలు విషయం. మా అమ్మలు మైలవరం వైపు తండాల నుంచి గుడివాడ వైపు నాట్లకు వెళ్ళేవాళ్ళు. చిన్నప్పుడు సెలవుల్లో మేమూ వెళ్ళాం. సాయంత్రం ట్రాక్టర్ వచ్చే వేళకి మేస్త్రి గట్టు మీద నుంచి కేకేస్తాడు: "కొత్త కట్ట విప్పొద్దు. చేతిలోది అవగొట్టి గట్టెక్కండి." నారు కట్ట సగంలో వదిలేసి వస్తే పొద్దుటికి ఆ మొక్కలు వాడిపోతాయి. అందరూ ఎక్కాక తలలు లెక్కపెట్టి, అప్పుడు ట్రాక్టర్ కదిలిస్తాడు.

వర్కర్ థ్రెడ్లని ఆపడం అంటే సరిగ్గా ఇదే. కొత్త పని ఇవ్వకూడదు. చేతిలో ఉన్న పని పూర్తి కానివ్వాలి. అందరూ వచ్చేదాకా ఆగాలి. ఈ ఆగడాన్నే జాయిన్ అంటారు. డీమన్ థ్రెడ్ అంటే తలలు లెక్కపెట్టకుండా ట్రాక్టర్ తోలుకుపోవడం. మెయిన్ ప్రోగ్రామ్ అయిపోగానే డీమన్ థ్రెడ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. తెరిచిన ఫైళ్ళు, డేటాబేస్ పనులు సరిగా ముగియకపోవచ్చని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. మేము అది చదవలేదు. కాపీ కొట్టాం.

మరి థ్రెడ్‌ని చంపే కమాండ్ ఏదైనా ఉందా అని వెతికాం. పైథాన్ థ్రెడ్‌కి స్టాప్ లేదు, కిల్ లేదు. కావాలనే పెట్టలేదు. జావాలో మొదట థ్రెడ్ స్టాప్ ఉండేది. 1998లో వచ్చిన 1.2 వెర్షన్‌లోనే దాన్ని వాడొద్దన్నారు. మధ్యలో ఆపితే థ్రెడ్ పట్టుకున్న తాళాలు వదిలేస్తుంది, దాని చేతిలోని డేటా సగం మారిన స్థితిలోనే మిగతా వాటి కంట పడుతుంది. 2004లో జావా 5తో ఎగ్జిక్యూటర్లు వచ్చాయి. వాటిలో షట్‌డౌన్ అంటే కొత్త పని తీసుకోకు, ఒప్పుకున్నది చెయ్యి అని. షట్‌డౌన్-నౌ అంటే మొదలుపెట్టని పనులు వెనక్కి ఇచ్చెయ్యి, చేస్తున్నవాటికి ఆగమని సైగ చెయ్యి అని. రెండోదీ చంపడం కాదు, అడగడమే.

పైథాన్‌లో ఇలాంటి థ్రెడ్ పూల్ ఎగ్జిక్యూటర్ 2011లో 3.2 వెర్షన్‌తో వచ్చింది. మేము మా క్యూ కోడ్ పక్కన పెట్టి దీనికి మారాం. దీన్ని విత్ బ్లాక్‌లో రాస్తే, బ్లాక్ చివర అదే షట్‌డౌన్ పిలిచి అందరూ అయ్యేదాకా ఆగుతుంది. ఇక్కడ మళ్ళీ దెబ్బ తిన్నాం. కంట్రోల్-సి కొడితే ఆ కబురు మెయిన్ థ్రెడ్‌కే వెళ్తుంది, వర్కర్లకి తెలియదు. మెయిన్ థ్రెడ్ బ్లాక్ నుంచి బయటికి వచ్చేటప్పుడు వరసలో ఉన్న వందల పనులూ అయ్యేదాకా ఆగి కూర్చుంటుంది. అంటే మేస్త్రి కేకేశాడు గానీ, గట్టు మీద ఉన్న కట్టలన్నీ నాటితే గానీ ట్రాక్టర్ ఎక్కనివ్వలేదు.

దీనికి మందు 3.9 వెర్షన్‌లో వచ్చింది, 2020లో. షట్‌డౌన్‌కి క్యాన్సిల్ ఫ్యూచర్స్ అనే ఆప్షన్ ఇచ్చారు. కంట్రోల్-సి ని విత్ బ్లాక్ లోపలే పట్టుకుని, క్యాన్సిల్ ఫ్యూచర్స్ ట్రూ పెట్టి షట్‌డౌన్ పిలవాలి. విప్పని కట్టలు వెనక్కి పోతాయి, చేతిలోవి మాత్రం పూర్తవుతాయి. మాకు ఆ రాత్రి కావాల్సింది ఇదే.

క్యూ మీరే రాసుకుంటే ఇంకో జాగ్రత్త ఉంది. వర్కర్లని పంపించెయ్యడానికి పనుల చివర నన్ అనే విలువ వేసే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని అందుకున్న వర్కర్ ఇంటికి పోతుంది. ఎనిమిది వర్కర్లుంటే ఎనిమిది నన్‌లు వెయ్యాలి. మేము మొదట్లో ఒకటే వేశాం. ఒక వర్కర్ వెళ్ళిపోయింది, ఏడు అలాగే నిలబడ్డాయి. అసలు ఆ డీమన్ జోలికి వెళ్ళింది అందుకే.

2024 అక్టోబర్‌లో వచ్చిన 3.13 నుంచి క్యూకే షట్‌డౌన్ ఉంది. మన ఊరి కాలువ తెలిసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర బందరు కాలువకి నీళ్ళు కట్టేస్తే కొత్త నీళ్ళు దిగవు. అప్పటికే దిగిన నీళ్ళు మాత్రం కింది ఊళ్ళకి పోతూనే ఉంటాయి. క్యూ షట్‌డౌన్ కూడా అంతే. కొత్తగా ఎవరైనా పని వెయ్యబోతే తప్పు చూపిస్తుంది. ఉన్న పనులు తీసుకోవచ్చు. ఖాళీ అయ్యాక తీసుకోబోయిన వర్కర్‌కి ఇక లేదని చెప్పేస్తుంది. ఇమీడియట్ ట్రూ అంటే క్యూలో మిగిలినవి కూడా తీసి పారేస్తుంది.

ఇవన్నీ పెట్టినా ఒకటి మిగిలే ఉంటుంది. ఇప్పటికే నడుస్తున్న పనిని షట్‌డౌన్ ఆపలేదు. ఒక వర్కర్ నెట్ కోసం ఎదురుచూస్తూ ఇరుక్కుంటే, దానికోసం మీ ప్రోగ్రామ్ కూడా ఇరుక్కుంటుంది. అప్పుడు చిరాకొచ్చి మళ్ళీ డీమన్ పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. నెట్ పిలుపులన్నిటికీ టైమ్‌అవుట్ పెట్టండి. పెద్ద పని అయితే థ్రెడింగ్‌లోని ఈవెంట్ ఒకటి పెట్టుకుని, ఒక్కో కాగితానికీ మధ్యలో "ఆగమన్నారా?" అని వర్కర్ చూసుకునేలా రాయండి. వినే చెవి లేకపోతే మేస్త్రి ఎంత కేకేసినా లాభం లేదు.

ఇక కరెంటు పోతే? అప్పుడు ఏ షట్‌డౌనూ నడవదు. మేము చేసిన రెండో తప్పు ఇక్కడే తెలిసింది. ఇప్పుడు ఫైల్‌ని ముందు తాత్కాలిక పేరుతో రాసి, మూసి, ఆ తర్వాతే అసలు పేరుకి మారుస్తున్నాం. దాన్ని తెరిచి చూసుకున్నాకే రిజిస్టర్‌లో "పూర్తి" పడుతుంది. కౌన్సెలింగ్ ముగిసేదాకా ఒరిజినల్ ఫోటో ఎవరూ తియ్యకూడదని రూల్ పెట్టుకున్నాం. స్థలం చాలకపోతే పెన్‌డ్రైవ్ కొంటాం.

ఈ ఏడాది వాడే ముందు మేమే పది సార్లు మధ్యలో కంట్రోల్-సి కొట్టి చూశాం. ప్రతిసారీ "పూర్తి" అన్నవన్నీ తెరిచాం. రెండోసారి ఒకటి దొరికింది, సరిచేశాం. తర్వాత ఎనిమిది సార్లూ అన్నీ తెరుచుకున్నాయి. అప్పుడే పిల్లల కాగితాలు అందులో వేశాం. మీరు ప్రోగ్రామ్ రాస్తే అది నడుస్తుందో లేదో ఒక్కటే చూడకండి. మధ్యలో ఆపి చూడండి. ఎవరు మొదలుపెట్టారో వాళ్ళే ఆపాలి, ఎవరి చేతిలో ఏముందో లెక్క చూసుకుని ఆపాలి. ఇంటర్వ్యూల్లో కూడా ఈ ప్రశ్న అడుగుతున్నారు, మాలో ఒకరిని అడిగారు. కూలి పనికెళ్ళిన అమ్మ కొడుకుగా జవాబు చెప్పగలిగాడు.

ఆ తమ్ముడికి సీటు వచ్చింది. ఈ ఏడాది మా రూములోనే ఉంటున్నాడు. కంట్రోల్-సి కొట్టే పరీక్షలో రెండోసారి ఆ తప్పు పట్టుకున్నది వాడే.

కోడ్ కావాల్సినవాళ్ళు అడగండి, ఇస్తాం. కాపీ కొట్టకుండా చదివి వాడతామంటేనే.